అమ్మవారిని అరెస్టు చేసిన రోజు

పోలీసు ఉద్యోగంలో పొరపాటు చేయనివాళ్ళు ఉండరు. ఒకరు దొంగను వదిలేసి దొంగ బావమరిదిని పట్టుకొస్తారు. ఇంకొకరు లాఠీని టీకొట్లో మరిచిపోయి వస్తారు. అవన్నీ చిల్లర తప్పులు. నేను చేసింది టోకు తప్పు. పట్టపగలు, సినిమా కెమెరా తిరుగుతుండగా, మా ఎస్సైగారి కళ్ళెదుట, రెండూళ్ళ జనం ముందు నేను అమ్మవారి తల విరగ్గొట్టాను. విరగ్గొట్టి ఊరుకుంటే బాగుండేది. ఆ తలను చేత్తో పట్టుకుని "యూ ఆర్ అండర్ అరెస్ట్" అని కూడా అరిచాను.

కంగారు పడకండి, మొత్తం చెబుతాను. నవ్వొస్తే నవ్వుకోండి. మార్కాపురం మార్కాపురమే నవ్వింది, మీరు నవ్వితే కొత్తగా పోయే పరువేమీ మిగల్లేదు.

అప్పటికి నేను కానిస్టేబుల్‌గా చేరి ఏడాది కూడా కాలేదు. స్టేషన్లో నా పనేమిటంటే, ఆడవాళ్ళెవరైనా వస్తే బెంచీ మీద కూర్చోబెట్టడం, మంచినీళ్ళివ్వడం, "సారు వస్తారు" అని చెప్పడం. సారు వచ్చాక "సారు వచ్చినారు" అని చెప్పడం. నాకేమో పులిని మీసాలు పట్టుకుని లాక్కురావాలని ఉండేది.

ఆ బెంచీ మీద రోజూ వచ్చి కూర్చునే ఆవిడ ఓబులమ్మవ్వ. అర్ధవీడు పక్క ఒక పల్లె ఆమెది. ఆ ఊరి అంకాలమ్మ విగ్రహాన్ని ఎవరో ఎత్తుకుపోయారు. నల్లరాతి విగ్రహం, తాతలనాటిది. అంకాలమ్మ లేకుండా తిరునాళ్ళ జరగదు, తిరునాళ్ళ జరక్కుండా ఆ ఊళ్ళో పెండ్లి జరగదు. అదీ వాళ్ళ ఆచారం. తిరునాళ్ళ చూస్తే దగ్గరికొచ్చేసింది. ఊళ్ళో పెండ్లిండ్లన్నీ ఆగి ఉన్నాయి. అందులో ఓబులమ్మవ్వ మనవరాలిది ఒకటి.

"ఏం సారూ, మా తల్లి జాడ తెలిసిందా?"

"చూస్తన్నాం అవ్వా," అనేవారు మా ఎస్సైగారు.

"చూసేదేంది సారూ? ఆమె ఏమన్నా చీమా, కనపడకుండా పోనీకి? నలుగురు మోస్తే గాని లేవని రాయి. పెండ్లికొడుకోళ్ళు వేరే పిల్లను చూసుకుంటామంటన్నారు. మా పిల్ల అన్నం తినడంల్యా."

ఆ మాటకు ఎస్సైగారు నావైపు చూసేవారు. నేను మంచినీళ్ళు తెచ్చేదాన్ని.

అట్లాంటి సమయంలో ఒక కబురు వచ్చింది. పెద్దదోర్నాల అవతల అడవి అంచున సినిమా షూటింగు జరుగుతోందని, ఆ యూనిట్ సామాన్ల బండిలోనే విగ్రహం శ్రీశైలం ఘాటు దాటిపోబోతోందని. ఎంత తెలివో చూడండి! సెట్లో ఎట్లాగూ బొమ్మ దేవతలుంటారు, వాళ్ళ మధ్యన నిజం దేవతను పెడితే ఎవరు పోల్చుకుంటారు? పైగా సినిమా బండిని చెక్‌పోస్టులో సోదా చేసే మొనగాడు ఇంకా పుట్టలేదు. "హీరో ఉన్నాడా లోపల?" అని తొంగిచూసి, లేకపోతే డ్రైవరుతోనైనా ఒక సెల్ఫీ దిగి, గేటెత్తేస్తారు.

ఎస్సైగారు నన్ను పిలిచారు.

"అమ్మా రమణమ్మా, మీది మార్కాపురం గదా? మీ నాయన పలకల గనిలో చేసినాడు గదా?"

"అవును సార్. మా తాత కూడా."

"అంటే నీకు రాయంటే తెలుసు."

"తెలియడమేంది సార్! నేను నడక నేర్చిందే పలకరాళ్ళ గుట్ట మీద. రాయి మొగం చూస్తే చాలు, అది పుట్టిన గని పేరు చెప్తా."

ఈ మాట మీరు బాగా గుర్తుంచుకోండి. నాకు సిగ్గుగానే ఉంది, అయినా గుర్తుంచుకోండి.

"అయితే విను. ఆ నిర్మాత పెద్దమనిషి. ఊరికే పోయి సోదా చేసి, ఏమీ దొరక్కపోతే నా బదిలీ ఆర్డరు నాకన్నా ముందు ఇంటికి పోతది. అందుకని నువ్వు మఫ్టీలో పోవాల, జూనియర్ ఆర్టిస్టుగా. ఏది రాయో, ఏది బొమ్మో చూడాల. రాయి కనపడగానే నాకు ఫోన్ కొట్టాల. అంతే పని."

అంతే పని! నేను ఆ రోజు ఇంటికి నడిచి పోలేదు, తేలుతూ పోయాను. అద్దం ముందు నిలబడి ఏడుపు, నవ్వు, కోపం, సిగ్గు అన్నీ చేసి చూసుకున్నాను. అన్నీ ఒకేలాగా ఉన్నాయి. ఫర్వాలేదనుకున్నాను.

షూటింగు స్థలంలో ప్లైవుడ్డుతో ఒక గుడి కట్టారు. నేను పోయేసరికి హీరో ఎస్సై వేషంలో కారు దిగుతున్నాడు. ఆ ఖాకీ, ఆ బెల్టు, భుజం మీద ఆ నక్షత్రాలు కళ్ళబడగానే నా కాళ్ళు నన్నడగకుండానే అటెన్షన్‌లోకి వచ్చేశాయి. చెయ్యి నుదుటికి పోయింది. "ఠప్" మని సెల్యూట్ కొట్టేశాను. సెట్టంతా నావైపు తిరిగింది. వచ్చీరాగానే కొంప మునిగిందిరా భగవంతుడా అనుకున్నాను.

డైరెక్టర్ పరుగున వచ్చాడు. హైదరాబాదు మనిషి, మెడలో ఎప్పుడూ ఒక తువ్వాలు.

"ఎవరమ్మాయ్ నువ్వు? ఆ సెల్యూట్ ఎక్కడ నేర్చుకున్నావు?"

"సినిమాల్లో చూసి సార్."

"అద్భుతం! నీకు లేడీ కానిస్టేబుల్ వేషం ఇస్తున్నాను, ఫో, డ్రెస్ వేసుకో!"

చూశారా నా యోగం? నా కొలతకు కుట్టిన అసలు యూనిఫాం ఇంట్లో బీరువాలో పెట్టొస్తే, ఇక్కడ ఎవరిదో వదులు చొక్కా పిన్నీసులతో బిగించి నన్ను పోలీసును చేశారు. పైగా ఒక అసిస్టెంటు నన్ను ఎగాదిగా చూసి, "ఎంత చేసినా నీకు పోలీసు లుక్కు రావట్లేదమ్మా" అని పెదవి విరిచాడు.

కథేమిటని డైరెక్టర్‌ని అడిగాను.

"క్రైమ్ కామెడీ అమ్మా. ఒక సినిమా యూనిట్లో దొంగ ఉంటాడు. వాణ్ణి పట్టుకోవడానికి ఒక పోలీసు మారువేషంలో ఆ యూనిట్లో చేరతాడు."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను నా జడ తడుముకున్నాను. గొంతు సవరించుకుని, "ఆ పోలీసు తెలివైనోడా సార్?" అన్నాను.

"పరమ మొద్దు! అదేగా కామెడీ. దొంగ వాడి కళ్ళ ముందే తిరుగుతుంటాడు, వాడికి మాత్రం కనిపించడు."

"నిజం పోలీసులు అట్ల ఉండర్లే సార్."

"నువ్వెప్పుడైనా పోలీసుల్ని దగ్గర్నించి చూశావా?"

"లేదు సార్," అన్నాను. అంతకన్నా ఏమనగలను?

ఇక అసలు పనిలో పడ్డాను. ప్లైవుడ్డు గుడిలో అమ్మవారు కొలువై ఉంది. నల్లగా, నిగనిగలాడుతూ, పెద్దపెద్ద కళ్ళు. ఫోన్లో ఉన్న అంకాలమ్మ ఫోటో తీసి పక్కన పెట్టి చూశాను. అదే ముక్కు, అదే నవ్వు. ఎడమచేతి చిటికెనవేలు కొన విరిగి ఉండాలి, విరిగే ఉంది. నా గుండె డప్పు కొట్టడం మొదలుపెట్టింది.

నేను చేయవలసింది ఒక్కటే. దగ్గరికి పోయి వేలి కణుపుతో ఒక్కసారి తట్టడం. ఠంగుమంటే రాయి, టప్పుమంటే బొమ్మ. పలకల గని పిల్లకు ఇంతకన్నా తేలిక పరీక్ష ఉంటుందా?

కానీ అక్కడి సంగతి మీకు తెలియదు. చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు షూటింగు చూడ్డానికొచ్చి, అమ్మవారిని చూసి ఆగలేకపోయారు. సెట్టయితే ఏంది, అమ్మవారు అమ్మవారే గదా అని పసుపు రాశారు, కుంకుమ పెట్టారు, వేపమండలు కట్టారు, గాజులు తొడిగారు. కొబ్బరికాయలు కొట్టని పూట లేదు. డైరెక్టర్ కూడా ఖర్చు లేకుండా కళ వస్తోందని ఊరుకున్నాడు. అట్లాంటి తల్లిని నేను, ఆ రోజు తలకు పోసుకోకుండా వచ్చినదాన్ని, ముట్టుకోవడమా? తట్టడానికని పోయిన చేయి సగం దారిలో రెండో చేతిని పిలుచుకుని దండం పెట్టేసింది.

మరునాడు తలకు పోసుకునే వెళ్ళాను. కానీ దారిలో దోర్నాల హోటల్లో ఆమ్లెట్ తిన్న సంగతి తీరా గుడి మెట్టెక్కాక గుర్తొచ్చింది. ఆ తరువాతి రోజు చూస్తే శుక్రవారం. శుక్రవారం పూట అమ్మవారిని ఎవరైనా తడతారా, మీరే చెప్పండి!

అందుకని ముట్టుకోకుండా కనిపెట్టాలని నిశ్చయించుకున్నాను. తెలివైన పోలీసు కళ్ళతోనే పట్టేస్తాడు గదా.

ఆ కళ్ళతో ఏం చూశానంటే, చీపురుపుల్లలా ఉండే సెట్ పనివాడొకడు అమ్మవారిని ఒంటిచేత్తో ఎత్తి భుజాన పెట్టుకుని, బీడీ కాలుస్తూ నడిచిపోయాడు.

"బరువుగా లేదా అన్నా?"

"బరువేంటమ్మా, పువ్వులాగుంది."

నా ఒళ్ళు జలదరించింది. మా జేజి, అదే మా నాయనమ్మ, చెప్పేది, అమ్మవారికి ఇష్టమైతే పువ్వులా లేస్తుందని, ఇష్టం లేకపోతే ఎద్దులను కట్టి లాగినా కదలదని. ఎంత సత్యమున్న తల్లి, ఆ బక్క ప్రాణి మీద దయతలచి తేలికైపోయింది అనుకుని అక్కడికక్కడే లెంపలేసుకున్నాను.

మధ్యాహ్నం కొండ మీంచి గాలి కొట్టింది. అమ్మవారు అటూ ఇటూ ఊగింది. "అమ్మ ఊగుతుందే!" అని ఒకావిడ కేక పెట్టింది, ఇంకొకావిడకు పూనకమే వచ్చేసింది. పనివాడు పరుగున వచ్చి అమ్మవారి పాదాల వెనకాల నాలుగు ఇటుకలు పేర్చి పోయాడు. పీఠం సరిచేస్తున్నాడు పాపం, భక్తిపరుడు అనుకున్నాను నేను.

వద్దు, ఏమీ అనకండి. నాకు తెలుసు.

సెట్టు సామాన్లన్నిటికీ అధికారి శ్యాంబాబు. తియ్యటి మాట, ఇస్త్రీ చొక్కా. అందరినీ అక్కా, అన్నా అని పిలిచేవాడు. అతని సామాన్ల బండి నీడలో నేను అన్నం తినేదాన్ని. అక్కడ గోనెపట్టలు చుట్టిన మూట ఒకటి ఉండేది. వీపు ఆనించుకోవడానికి భలే అనువుగా ఉండేది. క్యారియర్ గిన్నెలు విప్పి వరసగా దాని నెత్తిన పేర్చుకునేదాన్ని. ఒకసారి పప్పుచారు కూడా ఒలికింది.

అది చూసి శ్యాంబాబు ఉలిక్కిపడ్డాడు. "అక్కా, అక్కా, దాన్ని ముట్టుకోకు!"

"ఏందన్నా అందులో?"

"డూప్ అక్కా. సినిమాలో ఏ వస్తువుకైనా ఒక డూప్ ఉంచుకుంటాం. సెట్లో అమ్మవారు దెబ్బతింటే అది పెడతాం."

"డూపంటే నకిలీదే గదా, దానికింత గాబరా దేనికి?" అని నేను మజ్జిగ గిన్నె కూడా దాని మీదనే పెట్టాను. పాపం శ్యాంబాబు తేలు కుట్టిన దొంగలా నవ్వి పక్కకు తప్పుకున్నాడు. నవ్వు బాగుంటుంది అతనిది అనుకున్నాను. ఇదీ నా నిఘా.

మంగళవారం రోజు అసలు సంగతి జరిగింది. అందరూ భోజనాలకు పోయారు. నేను ఒక్కదాన్నే అమ్మవారి ముందు నిలబడి, "తల్లీ, నువ్వు అంకాలమ్మవేనా? ఏదో ఒక గుర్తు చూపించు. ఓబులమ్మవ్వ మనవరాలు అన్నం తినడంల్యా" అని అడిగాను. తలెత్తి చూస్తే ఏముంది, అమ్మవారి రెండు కళ్ళలోంచి కన్నీళ్ళు! బుగ్గల మీదుగా పసుపును తడుపుతూ జారుతున్నాయి. ఫోన్ తీసి ఎస్సైగారికి కొట్టాను.

"సార్, దొరికింది సార్!"

"తట్టి చూసినావా?"

"తట్టేదేంది సార్, ఏడస్తంది!"

"ఎవరు? ఓబులమ్మవ్వా?"

"అమ్మవారు సార్! కండ్లెమ్మట నీళ్ళు కారతన్నాయి. ఇంటికి పోతానని ఏడస్తంది సార్!"

ఈయన నన్ను తిడతాడు, లేదా నమ్మడు అనుకున్నాను. కానీ ఆయనా ఈ నేలలో పుట్టినవారే కదండీ.

"రెండు కండ్లా?" అన్నారు గొంతు తగ్గించి.

"రెండూ సార్."

"ఈ పొద్దు వారమేంది?"

"మంగళారం సార్."

"ఓరి నాయనో, ఆమె వారమే! వస్తన్నా. ఓబులమ్మవ్వను, వాళ్ళ ఊరోళ్ళను గూడా ఎక్కించుకోని వస్తన్నా. నేను వచ్చేదాకా విగ్రహాన్ని ఇడిచిపెట్టొద్దు. నీ పానం పోయినా ఇడిచిపెట్టొద్దు!"

ఆ కన్నీళ్ళు గ్లిజరిన్ అని, క్లైమాక్స్‌లో అమ్మవారు ఏడ్చే షాట్ కోసం భోజనానికి ముందే రాసి పోయారని నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా నమ్మేదాన్ని కాదనుకోండి.

సాయంత్రం, ఎండ ఇంకా తగ్గకముందే షాటు. గుడిముందు హీరో నిలబడ్డాడు, వెనక ఖాకీ బట్టల్లో జూనియర్ ఆర్టిస్టుల వరస, ఆ వరస చివర నేను. చూడ్డానికొచ్చిన జనం కిక్కిరిసి ఉన్నారు. డైరెక్టర్ "యాక్షన్" అన్నాడు. సరిగ్గా అప్పుడే మా జీపు, దాని వెనక ఒక ట్రాక్టరు దుమ్ము రేపుకుంటూ వచ్చి ఆగాయి. ఎస్సైగారు దిగారు. ట్రాక్టరులోంచి ఓబులమ్మవ్వ దూకినంత పని చేసి, గుడివైపు చూసి గుండెలు బాదుకుంది.

"మా తల్లే! మా అంకాలమ్మే!"

అది విని శ్యాంబాబు మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. "గాలి లేస్తోంది, విగ్రహం తీసి లోపల పెట్టండ్రా" అని అరిచాడు. బక్క పనివాడు అమ్మవారి వైపు కదిలాడు.

తీసుకుపోతున్నారు! నా కళ్ళ ముందే తీసుకుపోతున్నారు! ట్రైనింగ్‌లో నేర్పిన పట్లన్నీ ఒక్కసారిగా ఒంట్లోకి వచ్చాయి. వరసలోంచి లంఘించి, గుడిమెట్లు రెండంగల్లో ఎక్కి, రెండు చేతులూ అమ్మవారి మెడ చుట్టూ వేసి, నలుగురు మోసే రాయి కదా అని నా బలమంతా పెట్టి పట్టుకున్నాను.

"ఎవురన్నా ముట్టుకుంటిరా, యూ ఆర్ అండర్..."

టప్.

"...అరెస్ట్," అని పూర్తిచేశాను. మొదలుపెట్టిన మాట మధ్యలో ఆగదు కదా. నా చేతిలో తల ఉంది. తలకింద అమ్మవారు లేదు.

గాలికి తెల్లటి గుండ్లు జివ్వున లేచాయి. కొన్ని హీరో మీసాల మీద వాలాయి, కొన్ని మా ఎస్సైగారి టోపీ మీద. ఓబులమ్మవ్వ ముందుకొచ్చింది.

"ఓసి నీ చేతులిరగా! నా తల్లి తల ఇరిసినావు గదే!" అని చేయెత్తి, ఆ చేతిలోనే వాలిన తెల్లగుండు చూసి ఆగిపోయింది. వేళ్ళతో నలిపింది. "ఏందే ఇది? మా అంకాలమ్మ లోపల బొరుగులున్నాయేందే?"

"థర్మాకోల్ అవ్వా," అన్నాడు బక్క పనివాడు.

ఎస్సైగారు టోపీ తీసి, దులిపి, మళ్ళీ పెట్టుకున్నారు. ఆయన గొంతులో కోపం లేదు, అదే నాకు ఇంకా భయమేసింది. "రమణమ్మా, నీకు రాయంటే తెలుసంటివి గదమ్మా," అన్నారు.

నా ఉద్యోగం పోయిందని నాకర్థమైంది. అదలా ఉంచండి, ఆ వెనక ఓబులమ్మవ్వ కొంగు నోట్లో కుక్కుకుని కూలబడింది. "ఇంక మా పిల్ల పెండ్లి అయినట్టే" అంది మెల్లగా. అది విన్నాక నాకు ఆ తలతో పాటు ఏ గనిలోనైనా దూకాలనిపించింది.

ఈ దుఃఖమేదీ పట్టనివాడు ఒక్క డైరెక్టరే. "ఎవరూ కట్ చెప్పకండి! రోలింగ్! అమ్మాయ్, ఆ ఏడుపు మొహం అట్లాగే ఉంచు!" అని గంతులేస్తున్నాడు. చివరికి తనే కట్ చెప్పి, "సరే, మొదటి షాట్ మళ్ళీ తీద్దాం. శ్యాంబాబూ, డూప్ పెట్టు" అన్నాడు.

"డూప్... లేదు సార్," అన్నాడు శ్యాంబాబు.

"లేదేంటి? డూప్ లేకుండా సెట్ ఎవడేస్తాడు?"

"అది కూడా విరిగింది సార్."

నేను అప్పటికి ఎవరికైనా, ఏదైనా ఒక్క ఉపకారం చేసి నా పాపం కడుక్కోవాలని తహతహలాడుతున్నాను. "ఉంది సార్!" అని అరిచాను. "బాగానే ఉంది! బండి పక్కన గోనెపట్టల్లో ఉంది. రోజూ నా క్యారియర్ దాని మీదనే పెట్టుకుంటా. నువ్వు మర్చిపోయినావన్నా, ఉండు, నేను తెస్తా!"

శ్యాంబాబు "వద్దక్కా, వద్దు" అంటున్నా వినకుండా పరుగెత్తాను. థర్మాకోల్ తల ఇంకా నా చంకలోనే ఉంది. వంగి, గోనెమూటను రెండు చేతులా పట్టి పువ్వులా ఎత్తబోయాను. నడుము కలుక్కుమంది. మూట కదల్లేదు. మీసాలు దులుపుకుంటూ హీరో వచ్చి ఒక పట్టు పట్టాడు. అప్పుడూ కదల్లేదు. నలుగురు లైట్‌మెన్లు వచ్చి చేతులు వేస్తే కాస్త ఒరిగి మళ్ళీ చతికిలబడింది.

ఇప్పటికైనా నాకు వెలిగి ఉంటుందని మీరు అనుకుంటున్నారు. నేను ఏం చేశానో తెలుసా? మోకాళ్ళ మీద పడి, "తల్లీ, నీ చెల్లెలి తల విరిచినానని అలిగినావా? తప్పైపోయింది, లెయ్యి తల్లీ" అని ఆ మూటకు మొక్కడం మొదలుపెట్టాను.

"జరుగు పిల్లా," అని ఓబులమ్మవ్వ నన్ను పక్కకు నెట్టింది. గోనెపట్ట ముడి పళ్ళతో లాగి విప్పింది. లోపలినుంచి నల్లటి భుజం, నవ్వే పెదవి, కొన విరిగిన చిటికెనవేలు బయటపడ్డాయి. నెత్తిన ఎండిన పప్పుచారు. అవ్వ ఆ చెంపల మీద చేతులుపెట్టి, తప్పిపోయిన బిడ్డ దొరికినప్పుడు తల్లి చూసినట్టు చూసింది. తరువాత ఏడ్చింది చూడండి, ఆ కన్నీళ్ళు గ్లిజరిన్ కాదు. నాకూ ఆగలేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అంటారు. నేను అమ్మవారికి వీపు ఆనించుకుని కూర్చుని అమ్మవారిని వెతికాను.

శ్యాంబాబు అప్పటికే పరుగందుకున్నాడు. దారికడ్డంగా ఖాకీ బట్టల్లో కొందరు పళ్ళేలు పట్టుకుని టిఫిను వరసలో నిలబడి ఉన్నారు. "తప్పుకోండ్రా జూనియర్లూ!" అని కసురుకుంటూ వాళ్ళ మధ్యకే దూరాడు. పాపం, ఆ వరసలో సగం మంది జీపు దిగి, వేడివేడి బజ్జీలు చూసి ఆగలేక నిలబడ్డ మా స్టేషను కానిస్టేబుళ్ళు. ఒకాయన బజ్జీ నోట్లో ఉండగానే శ్యాంబాబు చొక్కా పట్టుకున్నాడు.

తరువాత తెలిసిందేమిటంటే, శ్యాంబాబు మొదట రాతి అంకాలమ్మను ఎత్తుకొచ్చి, దాన్ని చూసి విరిగిన వేలితో సహా అచ్చం అలాగే థర్మాకోల్‌తో చేయించాడు. అందరూ చూసి అలవాటు పడ్డాక, షూటింగు ముగిసిన రోజు డూప్ పేరుతో అసలుదాన్ని బండెక్కించుకుని పోదామని పథకం. నేను తల విరగ్గొట్టకపోయుంటే డైరెక్టర్ డూప్ అడిగేవాడే కాదు, ఆ మూట ముడి విడేదే కాదు.

పెద్దాఫీసరు పిలిచి, "ఎట్లా కనిపెట్టారయ్యా?" అని అడిగితే, మా ఎస్సైగారు ఛాతీ విరుచుకుని, "పథకం ప్రకారం బొమ్మ తల విరగ్గొట్టి, దొంగ అసలుది బయటకు తీసేట్టు చేశాం సార్" అన్నారు.

"పథకం ఎవరిది?"

"నాదే సార్."

"ఒకవేళ ఫిర్యాదు వస్తే, తల విరగ్గొట్టింది ఎవరు?"

"ఈ అమ్మాయే సార్, రమణమ్మ."

డైరెక్టర్ ఆ షాట్‌ను తీసెయ్యలేదు. సినిమా మార్కాపురం వచ్చినప్పుడు మా అమ్మను తీసుకుని వెళ్ళాను. నేను తల పట్టుకుని "అరెస్ట్" అన్నచోట హాల్లో విజిళ్ళు, కేకలు. వెనక సీటాయన నవ్వలేక ఏడ్చాడు. బయటికొచ్చాక మా అమ్మ నా గడ్డం పట్టుకుని, "ఎంత బాగా చేసినావే! అచ్చం మొద్దు మాదిరే ఉన్నావు" అంది. చేయలేదమ్మా, ఉన్నాను అని చెప్పడానికి నోరు రాలేదు.

అంకాలమ్మ తిరునాళ్ళ అనుకున్న రోజుకే జరిగింది. ఓబులమ్మవ్వ మనిషిని పంపించి మరీ పిలిపించింది. వెళ్ళి చూద్దును కదా, గుళ్ళో రాతి తల్లి, గుడి బయట పందిట్లో థర్మాకోల్ తల్లి! ఆ బొమ్మను డైరెక్టర్‌ని అడిగి తెచ్చుకున్నారట. మెడ అతికించి, అతుకు కనపడకుండా ఎర్రగుడ్డ చుట్టి, గాలికి ఎగిరిపోకుండా మోకుతో గుంజకు కట్టేశారు. లోపలికన్నా ఇక్కడే జనం ఎక్కువ.

"ఇదేందవ్వా, ఇది బొమ్మ గదా?"

"బొమ్మయితే ఏంది? ఈయమ్మ తలిచ్చింది కాబట్టే గదా ఆయమ్మ ఇంటికొచ్చింది. పని చేసిపెట్టినోళ్ళకు మొక్కొద్దా?" అంది అవ్వ. పక్కనే ఆమె మనవరాలు పసుపు చీరలో, పెండ్లికొడుకుతో నిలబడి ఉంది. ఆ పిల్ల మొహంలో వెలుగు చూసి నాకు పోయిన పరువంతా వడ్డీతో తిరిగొచ్చినట్టు అనిపించింది. పిల్లాపాపలతో చల్లగా ఉండమని దీవించబోయాను.

"దీవెనలు తరవాత. ముందు పని కానీ," అని అవ్వ నన్ను థర్మాకోల్ తల్లి ముందుకు తోసింది. డప్పులవాళ్ళు సిద్ధంగా ఉన్నారు. ఊరంతా నా చేతులవైపే చూస్తోంది.

"ఏం పనవ్వా?"

"తెలీనట్టు అడుగుతావేందే? నువ్వు తల ఇరిసిన తరవాతనే గదా మా ఊళ్ళో శుభం మొదలయింది. ఇంక అది ఆచారం. మేం ఏటేటా అతికిస్తాం, నువ్వు ఏటేటా వచ్చి ఇరవాల. ఇరిసినాకనే పెండ్లిండ్లు. ఊఁ, ఆ ఇంగిలీసు ముక్క గూడా మర్చిపోవాకు, గట్టిగా చెప్పు!"

కనుక పాఠకులారా, రాతి అంకాలమ్మ సాక్షిగా, ఆమె థర్మాకోల్ చెల్లెలి సాక్షిగా, నా ఖాకీ చొక్కా సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో, ఎవరెన్ని చెప్పినా, ఎంత పెద్ద ఆఫీసరు ఆర్డరు వేసినా, నేను అమ్మవారి తల విరవను గాక విరవను. ఏడాదికొక్కసారి, తిరునాళ్ళ పొద్దున, డప్పులతో వచ్చి పిలుచుకుపోతే తప్ప.